చిన్నబిడ్డ విశ్వాసం నుంచి తల్లిదండ్రులు నేర్చుకోవడం ఎలా?

పిల్లలకు భక్తి నేర్పే పద్ధతులు మనకు చాలానే తెలుసు. కంఠత వాక్యాలు, సండే స్కూల్, కుటుంబ ప్రార్థన, పడుకునే ముందు బైబిల్ కథ. ఇంట్లో కూర్చున్నప్పుడూ, దారిలో నడిచేటప్పుడూ, పడుకునేటప్పుడూ, లేచేటప్పుడూ దేవుని మాటలు పిల్లలకు చెప్పమని ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం తల్లిదండ్రులకు అప్పగించిన బాధ్యత అలాగే ఉంది. అయితే మత్తయి 18వ అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది. పరలోకరాజ్యంలో ఎవరు గొప్పవాళ్ళని శిష్యులు అడిగితే యేసు ఒక చిన్నబిడ్డను పిలిచి వాళ్ళ మధ్య నిలబెట్టాడు. మీరు మారి బిడ్డల్లాంటివాళ్ళు కాకపోతే అందులో ప్రవేశించలేరన్నాడు. ఆ బిడ్డ ఒక్క మాట మాట్లాడినట్టు రాయలేదు. చూడాల్సిన పని, మారాల్సిన పని పెద్దవాళ్ళకే పెట్టాడు ప్రభువు.

ఆ పని ఇంట్లో రోజువారీగా ఎలా చేయాలో ఇక్కడ చెబుతున్నాం. నాలుగేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. ఈ వయసులో పిల్లలు మనసులో ఉన్నదాన్ని మాటల్లో పెట్టగలరు, పెద్దవాళ్ళు మెచ్చుకునేలా చెప్పాలన్న జాగ్రత్త ఇంకా పూర్తిగా అలవాటు కాదు. మూడేళ్ళ లోపు పిల్లల దగ్గర మాటలకన్నా పాటలు, సైగలు గమనించాల్సి ఉంటుంది. పదేళ్ళు దాటినవాళ్ళ సంగతి చివర్లో చెబుతాం.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

రోజులో పది నిమిషాలు చాలు. అయితే ఆ పది నిమిషాలూ రోజూ ఒకే వేళకు ఉండాలి. చాలా ఇళ్ళలో పడుకునే ముందు సమయం సరిపోతుంది. దీపం తగ్గించి, పక్కనే పడుకునో కూర్చునో మాట్లాడితే పిల్లలు తేలిగ్గా నోరు విప్పుతారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తూ అడిగితే వాళ్ళకది పరీక్షలా అనిపిస్తుంది. నడకకు తీసుకెళ్ళినా, బట్టలు మడతపెడుతూ మాట్లాడినా ఇదే మేలు జరుగుతుంది. ఫోన్ మాత్రం వేరే గదిలో ఉండాలి. సైలెంట్‌లో పెట్టి పక్కన ఉంచుకుంటే, వెలుగు వచ్చిన ప్రతిసారీ మీ కళ్ళు అటు పోవడం పిల్లలు గమనిస్తారు.

ఒక చిన్న నోటుపుస్తకం, పెన్ను తీసుకోండి. ముందు పేజీల నుంచి పిల్లల మాటలు రాయండి. పుస్తకాన్ని తిరగేసి, వెనక పేజీల నుంచి మీ సంగతులు రాసుకోండి. ఈ రెండూ కలపవద్దు. ఇద్దరు పిల్లలుంటే రెండు పుస్తకాలు ఉండాలి, లేకపోతే తెలియకుండానే పోలిక మొదలవుతుంది. "అక్క ఎంత బాగా ప్రార్థన చేస్తుందో చూడు" అన్న ఒక్క మాట చిన్నవాడి నోరు నెలల తరబడి మూయించగలదు.

ఇక అన్నిటికన్నా కష్టమైన నియమం. ఆ పది నిమిషాల్లో మీరు నేర్పకూడదు. తప్పు దిద్దకూడదు, వాక్యం గుర్తుచేయకూడదు, "అంటే ఏమిటో తెలుసా?" అని వివరణలోకి దిగకూడదు. నేర్పడానికి రోజంతా ఉంది. ఈ కాసేపు వినడానికే. భక్తి గల ఇళ్ళలోనే ఈ నియమం ఎక్కువగా తప్పిపోతుంది, ఎందుకంటే పిల్లవాడు దేవుని పేరు ఎత్తగానే మనలోని సండే స్కూల్ టీచర్ మేల్కొంటాడు.

మొదటి అడుగు: అడిగే తీరు మార్చుకోండి

"ఈ రోజు సండే స్కూల్లో ఏం నేర్పారు?", "దేవుడు ఎక్కడ ఉంటాడు?", "యేసయ్య అంటే నీకు ఇష్టమేనా?" వంటి ప్రశ్నలకు పిల్లలకు జవాబు ముందే తెలుసు. మీకేం కావాలో అదే చెప్పి ఊరుకుంటారు. వాటి బదులు ఇలాంటివి అడగండి:

"దేవుణ్ణి ఒక్కటి అడగొచ్చంటే నువ్వు ఏం అడుగుతావు?"

"ఈ కథలో నీకు ఎవరి మీద జాలేసింది?"

"ఇందులో నీకు నచ్చనిది ఏమన్నా ఉందా?"

"నీకు భయం వేసినప్పుడు దేవుడితో ఏమంటావు?"

రోజుకు ఒక్క ప్రశ్న చాలు. అడిగాక మనసులో పది అంకెలు లెక్కపెట్టుకోండి. పెద్దవాళ్ళు రెండు మూడు క్షణాలకే మౌనం భరించలేక తామే జవాబు అందించేస్తారు. చిన్నపిల్లలకు మాట కూర్చుకోవడానికి అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది. జవాబు వచ్చాక "ఓహో", "ఇంకా?" అనండి. ఏమీ రాకపోతే "సరే, గుర్తొస్తే చెప్పు" అని వదిలేయండి. చాలాసార్లు మర్నాడు స్నానం చేస్తున్నప్పుడో, చెప్పులు వేసుకుంటున్నప్పుడో ఆ జవాబు వస్తుంది. అప్పుడు మీరెంత హడావిడిలో ఉన్నా ఒక్క నిమిషం ఆగండి.

రెండో అడుగు: ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

తేదీ, పిల్లల వయసు, అన్న మాట, దానికి ముందు ఏం జరిగింది. నాలుగే విషయాలు, రెండు మూడు వరుసలు. వాళ్ళు "యేసయ్యకి చలేస్తదా?" అంటే అలాగే రాయాలి. "ప్రభువుకు చలి కలుగునా అని అడిగాడు" అని మన భాషలోకి మార్చకూడదు. మాట మారితే అందులోని భావం కూడా మన భావంలా అయిపోతుంది. పిల్లవాడి ముందు రాయవద్దు, రాస్తున్నారని తెలిస్తే రాయించుకోవడానికే మాట్లాడతాడు. నిద్రపోయాక రాసుకోండి, మర్నాటికి వాయిదా వేస్తే సగం మాటలు మారిపోతాయి.

వారానికొకసారి ఆ వారం రాసినవన్నీ చదవండి. అందులో మిమ్మల్ని ఆపిన మాట ఒకటి ఎంచుకుని, వెనక పేజీలో ఒకే ప్రశ్న రాసుకోండి: "ఈ మాట నేను ఎందుకు అనలేకపోతున్నాను?" జవాబు అప్పుడే దొరక్కపోయినా ఫర్వాలేదు. దొరికిన వారం మాత్రం దాన్ని ఒక పనిగా మార్చాలి. "నేను ఇంకా ఎక్కువగా నమ్మాలి" అని రాసుకుంటే ఏమీ జరగదు. "మంగళవారం మా తమ్ముడికి ఫోన్ చేస్తాను" అని రాసుకుంటే జరుగుతుంది.

ఈ మాటల్ని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టవద్దు, మందిరంలో అందరి ముందూ చెప్పవద్దు. నలుగురూ ముచ్చటపడి నవ్వితే చాలు, పిల్లవాడికి ప్రార్థన ఒక ప్రదర్శన అయిపోతుంది, లేదా సిగ్గు వస్తుంది. సిగ్గు పడ్డ బిడ్డ మళ్ళీ నోరు విప్పడానికి చాలా కాలం పడుతుంది.

మూడో అడుగు: ప్రార్థనలో బిడ్డను ముందు నడవనివ్వండి

నేర్చుకోవలసింది ఎక్కువగా ఉన్నది ఇక్కడే. కుటుంబ ప్రార్థనలో సాధారణంగా పెద్దవాళ్ళు మొదలుపెట్టి పెద్దవాళ్ళే ముగిస్తారు. పిల్లలకు మధ్యలో ఒక వాక్యమో పాటో ఇస్తారు. వారంలో మూడు రోజులైనా ఈ వరుస మార్చండి. బిడ్డ ముందు ప్రార్థిస్తుంది, తర్వాత మీరు. మీ ప్రార్థన బిడ్డ ప్రార్థనకన్నా పొడుగ్గా ఉండకూడదు. చెవిలో మాటలు అందించకూడదు. మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి.

ఆరేళ్ళ బిడ్డ సొంతంగా చేసుకునే ప్రార్థన ఇలా ఉంటుంది: "యేసయ్యా, అమ్మకి మోకాలు నొప్పి తగ్గించు. బయట కుక్కపిల్లకి వాన తగలకుండా చూడు. రేపు టీచర్ కొడతారేమోనని భయమేస్తోంది. నువ్వు నాతో రా. ఆమెన్." నాలుగు మాటలు. ప్రతి మాటలో ఒక మనిషో, ఒక ప్రాణో, ఒక నొప్పో, ఒక భయమో పేరుతో సహా ఉన్నాయి.

అదే ఇంట్లో పెద్దవాళ్ళ ప్రార్థన వినండి. "మా అవసరములన్నియు నీవు ఎరుగుదువు, నీ చిత్తప్రకారము తీర్చుము, అనారోగ్యముతో ఉన్న వారందరిని ముట్టుము." ఆ మాటలు తప్పు కావు, వాటిలో శతాబ్దాల ఆరాధన భాష ఉంది. కానీ వాటి వెనక దాక్కోవడం సులువు. అద్దె కట్టలేని భయం, భార్యతో మూడు రోజులుగా మాటల్లేని సంగతి, వైద్య పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న వణుకు "అవసరములన్నియు" అన్న ఒక్క మాటలో కనిపించకుండా పోతాయి. దేవునికి తెలియదని కాదు. మనమే వాటిని ఆయన ముందు పెట్టలేదు.

కాబట్టి ఏడు రోజులు ఇలా చేయండి. రోజూ మీ సొంత ప్రార్థనను నాలుగు మాటలకు కుదించండి. ఒకటి ఒక మనిషి పేరుతో, ఆ మనిషికి కావలసిన ఒక్క విషయంతో. రెండోది ఈ రోజు జరిగిన ఒక మేలుకు కృతజ్ఞత. మూడోది మీ భయం, దాని పేరుతో. నాలుగోది ఈ రోజు చేసిన ఒక తప్పు. అలవాటైన పదబంధం నోటికి వస్తే ఆగి, అదే విషయాన్ని బిడ్డకు అర్థమయ్యే మాటల్లో మళ్ళీ చెప్పండి. మొదటి రెండు రోజులు నోరు తిరగదు, ప్రార్థన మరీ చిన్నదైపోయిందనీ గౌరవం తగ్గిందనీ అనిపిస్తుంది. మత్తయి 6వ అధ్యాయంలో, ఎక్కువ మాటలవల్ల తమ మనవి వినబడుతుందనుకునే వాళ్ళలా ఉండవద్దని చెప్పాకే ప్రభువు తన ప్రార్థన నేర్పాడు. అందులో అనుదినాహారం కూడా ఒక మనవే.

ఇక్కడ ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి.

బిడ్డ మీ మాటలే తిరిగి అంటుంటే కంగారుపడవద్దు, అనుకరించడంతోనే అందరూ మొదలుపెడతారు. మీ ప్రార్థన మారితే వాళ్ళదీ మారుతుంది.

బొమ్మ కావాలనో, సెలవు రావాలనో ప్రార్థిస్తే "అలాంటివి అడగకూడదు" అనవద్దు. నిజంగా కోరుకునేదాన్ని దేవుడి దగ్గర దాచాలని నేర్పినవాళ్ళమవుతాం. మీరు కూడా నిజంగా కోరుకునేది ఒకటి అడగండి.

ప్రార్థన చేయనంటే బలవంతం వద్దు. "సరే, నేను చేస్తాను, నువ్వు విను" అంటే చాలు. వరసగా పది రోజులు వద్దన్నా ఇదే మాట.

అడిగింది జరిగితే అదే రోజు ఆ సంగతి గుర్తుచేసి స్తోత్రం చెప్పండి. పిల్లలు దీన్ని మనకన్నా బాగా చేస్తారు: నొప్పి తగ్గిందంటే వెంటనే "థాంక్యూ యేసయ్యా" అని ఆటకు పరుగెత్తుతారు. మనం తగ్గాక మర్చిపోతాం. వెనక పేజీల్లో అడిగినవాటి పక్కన "జరిగింది", "ఇంకా లేదు", "వేరేలా జరిగింది" అని నెలకొకసారి గుర్తు పెట్టుకోండి. "ఇంకా లేదు" అన్నవాటిని కొట్టేయవద్దు.

నాలుగో అడుగు: ప్రశ్నను అవిశ్వాసంగా చూడకండి

ఐగుప్తు దాస్యం నుంచి దేవుడు విడిపించినదాన్ని ఇశ్రాయేలీయులు గుర్తుచేసుకునే పస్కా ఆచరణలో పిల్లల ప్రశ్నకు చోటు ముందే ఉంది. "దీని అర్థమేమిటి?" అని మీ పిల్లలు అడిగినప్పుడు ఇలా చెప్పండి అని నిర్గమకాండము 12వ అధ్యాయం అంటుంది. యెహోషువ 4లో యొర్దాను నదిలోనుంచి తెచ్చిన పన్నెండు రాళ్ళు నిలబెట్టింది కూడా తర్వాతి పిల్లలు చూసి అడగాలనే. బాలుడైన యేసు పన్నెండేళ్ళప్పుడు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటూ, ప్రశ్నలు అడుగుతూ కనిపించాడని లూకా రాశాడు. అడగడం భక్తిలో భాగమే. పెద్దయ్యేకొద్దీ అది మనలో ఆగిపోతుంది, అడిగితే ఏమనుకుంటారోనని. బిడ్డ దగ్గర మళ్ళీ నేర్చుకోవలసిన వాటిలో ఇదొకటి.

పిల్లల ప్రశ్న వచ్చినప్పుడు ముందు అది ఏ రకమో గుర్తుపట్టండి. "నోవహు ఓడలో సింహం మేకను తినలేదా?" అన్నది తెలుసుకోవాలన్న ఆసక్తి. తెలిసినంత చెప్పండి, తెలియకపోతే "నాకూ తెలియదు, కలిసి చూద్దాం" అనండి. అలా అన్నాక రెండు మూడు రోజుల్లో తప్పకుండా తిరిగి ఆ మాట ఎత్తాలి. ఎత్తకపోతే "చూద్దాం" అంటే "నోరుమూసుకో" అని పిల్లలు అర్థం చేసుకుంటారు. "అన్నయ్య కొడితే దేవుడు ఎందుకు ఆపలేదు?" అన్నది న్యాయం గురించి. ముందు కొట్టిన సంగతి తేల్చండి, వేదాంతం తర్వాత.

మూడో రకం భయంలోంచి, దుఃఖంలోంచి వచ్చేది. "తాతయ్య బాగవ్వాలని రోజూ ప్రార్థన చేశాను కదా, మరి ఎందుకు చనిపోయాడు?" ఇక్కడ పొరపాటు జరిగితే చాలా కాలం మిగిలిపోతుంది కాబట్టి మాటల్ని ముందే సిద్ధం చేసుకోవాలి.

చిన్నపిల్లలు మాటల్ని ఉన్నదున్నట్టే తీసుకుంటారు. "తాతయ్య నిద్రపోయాడు" అంటే రాత్రి పడుకోవడానికి భయపడే పిల్లలున్నారు. "దేవుడికి తాతయ్య అంటే ఇష్టం, అందుకే తీసుకుపోయాడు" అంటే దేవుడు ఇష్టపడితే ప్రమాదమని అర్థమవుతుంది. "నీ విశ్వాసం చాలలేదు" అన్న మాట ఎవరు అన్నా అక్కడికక్కడే ఆపాలి, అన్నది పెద్ద బంధువైనా సరే. ఏడేళ్ళ బిడ్డ తన ప్రార్థన సరిగ్గా లేకే తాతయ్య చనిపోయాడని లోపల మోసుకు తిరుగుతుంటే బయటికి కనిపించదు.

చెప్పదగినవి ఇవి: "తాతయ్య చనిపోయాడు. ఒళ్ళు పనిచేయడం ఆగిపోయింది. ఇక లేచి రాడు. నువ్వు చేసిన ప్రార్థన మంచిదే. దేవుడు విన్నాడు. ఎందుకు బతికించలేదో నాకు తెలియదు. నాకూ ఏడుపొస్తోంది. యేసు తిరిగి లేచాడు కాబట్టి తాతయ్యను మళ్ళీ చూస్తామని నేను నమ్ముతున్నాను." ఇంతే. ఒకేసారి అంతా చెప్పక్కర్లేదు, పిల్లలు అదే ప్రశ్న వారాల తరబడి మళ్ళీ మళ్ళీ అడుగుతారు. ప్రతిసారీ అవే మాటలు చెప్పండి. అడిగేది వాళ్ళే అయినా, ఆ జవాబు నోటితో అనాల్సి రావడంవల్ల మీ దుఃఖానికీ ఒక దారి దొరుకుతుంది.

ఈ ప్రశ్న నుంచి పెద్దవాళ్ళు నేర్చుకోవలసింది ఒకటుంది. బిడ్డ దాన్ని దేవుని దగ్గరే నిలబడి అడుగుతుంది. కోపం వచ్చిందని ప్రార్థన మానేసి, బయటికి మామూలుగా మందిరానికి వెళ్ళి రావడం పెద్దవాళ్ళు చేసే పని. యోహాను 11లో మార్త, మరియ ఇద్దరూ ఒకే మాట అన్నారు: నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మా సోదరుడు చనిపోయేవాడు కాడు. అందుకు యేసు వాళ్ళను గద్దించలేదు. లాజరును లేపబోతున్నాడని తెలిసి కూడా కన్నీళ్ళు విడిచాడు. మీలో పాతబడిపోయిన ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటే వెనక పేజీలో ఒక్క వాక్యంగా రాసి, ఆ రాత్రి ప్రార్థనలో అదే వాక్యం చదవండి. దానికి ముందు క్షమాపణలు, వెనక సర్దుబాట్లు చేర్చవద్దు.

ఐదో అడుగు: బిడ్డ మీ తప్పు చూపిస్తే

బాలుడైన సమూయేలును దేవుడు రాత్రి పేరు పెట్టి పిలిచిన కథను మనం పిల్లలకు చెబుతాం. అది తల్లిదండ్రులు చదువుకోవలసిన కథ కూడా. తనను పిలిచింది యాజకుడైన ఏలీ అనుకుని, రాత్రి మూడుసార్లు ఆ బాలుడు ఏలీ దగ్గరికి పరుగెత్తాడు. మూడోసారికి గానీ ఏలీకి సంగతి అర్థం కాలేదు. అప్పుడు ఏమని జవాబివ్వాలో నేర్పి పంపాడు. తెల్లవారాక, ఏమీ దాచకుండా చెప్పమన్నాడు. ఆ సందేశం ఏలీ ఇంటికే వ్యతిరేకంగా ఉంది. అయినా ఏలీ బాలుడి మీద కోపపడలేదు.

మీ ఇంట్లో అది ఇలా రావచ్చు: "నాన్నా, నువ్వు మందిరంలో మెల్లగా మాట్లాడతావు, ఇంట్లో అమ్మ మీద అరుస్తావు." అప్పుడు వచ్చే మొదటి జవాబు చాలాసార్లు "పెద్దవాళ్ళతో అలా మాట్లాడతారా?" అన్నదే. ఆ మాటను మింగండి. వెంటనే మాట రాకపోతే "నువ్వు చెప్పింది విన్నాను. కాసేపు ఆలోచించుకుని వస్తాను" అని పక్కకు వెళ్ళండి. ఆ రోజు ముగిసేలోగా తిరిగి రావాలి.

తిరిగి వచ్చాక క్షమాపణ నాలుగు భాగాలుగా చెప్పండి. ఏం చేశానో: "పొద్దున అమ్మ మీద అరిచాను." అది తప్పని: "అది తప్పు." అడగడం: "నన్ను క్షమిస్తావా?" ఇక ముందు ఏం చేస్తానో: "కోపం వస్తే గదిలోంచి బయటికి వెళ్తాను." మధ్యలో "కానీ" రాకూడదు. "అరిచాను, కానీ మీరు కూడా అల్లరి చేశారు" అంటే క్షమాపణ కాస్తా నేరారోపణ అవుతుంది. బిడ్డ వెంటనే క్షమించకపోయినా అడిగి విసిగించవద్దు. అమ్మ మీద అరిచిన తప్పుకు అమ్మను కూడా, బిడ్డ ముందే, అడగాలి.

చాలాసార్లు బిడ్డ "సరే" అని మెడ చుట్టూ చేతులు వేసి, మరుక్షణం ఆటలో పడిపోతుంది. అది తేలికతనం కాదు. క్షమించానన్నాక మళ్ళీ లెక్క తీయకపోవడం ఎలా ఉంటుందో చూపిస్తోంది. మీరు ఒకరిని క్షమించానని చెప్పి, ఏడాదికొకసారి ఆ సంగతి తవ్వుతుంటే, ఆ మనిషి పేరు ఈ వారం వెనక పేజీలో రాయండి.

ఇంకొక మాట. "యేసయ్య చూస్తున్నాడు, తప్పు చేస్తే కొడతాడు" అని భయపెట్టడం ఈ రోజే మానేయండి. అది మన చేతకానితనాన్ని దేవుని మీద వేయడమే. తప్పు చేసిన బిడ్డ పరుగెత్తుకు రావలసిన చోటును మనమే మూసేస్తున్నాం.

ఆరో అడుగు: ఇవ్వాలనుకున్నప్పుడు అడ్డు పడకండి

యేసు వేలమందికి భోజనం పెట్టిన రోజు అయిదు యవల రొట్టెలు, రెండు చేపలు ఒక చిన్నవాడి దగ్గర ఉన్నాయని యోహాను 6లో ఉంది. ఇంతమందికి ఇవి ఎంతమాత్రమని లెక్క వేసింది పెద్దవాడైన అంద్రెయ అనే శిష్యుడు. కుష్ఠరోగంతో ఉన్న సిరియా సైన్యాధిపతి నయమాను ఇంట్లో చెరపట్టబడి వచ్చిన చిన్నపిల్ల తన యజమానుడు బాగుపడాలని కోరి, ప్రవక్త సంగతి చెప్పింది.

మీ బిడ్డ తన బొమ్మనో, దాచుకున్న డబ్బునో ఇచ్చేస్తానంటే రెండే అడగండి: "అది నీదేనా?" "రేపు మళ్ళీ కావాలంటే ఉండదు, సరేనా?" రెండింటికీ అవునంటే ఇవ్వనివ్వండి. మర్నాడు ఏడిస్తే ఓదార్చండి గానీ వెంటనే కొత్తది కొనివ్వవద్దు, తిరిగి అడగనివ్వవద్దు. తర్వాత మీ వంతు. మిగిలినదాంట్లోంచి కాకుండా, ఇస్తే మీకు లోటు తెలిసేది ఒకటి ఆ నెలలో ఇవ్వండి. ఎంత ఇచ్చారన్నది బిడ్డకు చెప్పక్కర్లేదు.

బిడ్డ దగ్గర నేర్చుకోకూడనివి

బిడ్డ చెప్పిన ప్రతిదీ దైవసందేశం కాదు. దుష్టత్వం విషయంలో శిశువులుగా ఉండండి, బుద్ధి విషయంలో పెద్దవాళ్ళుగా ఉండండి అని పౌలు మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో చెప్పాడు. ఆరేడేళ్ళ లోపు పిల్లలు తాము అనుకోవడంవల్లే ఒక సంగతి జరిగిందని నమ్ముతారు. "నేను కోపంగా ప్రార్థన చేశాను, అందుకే వాడు పడ్డాడు" అంటారు. "చాక్లెట్ మానేస్తాను, నువ్వు మార్కులు ఇవ్వు" అని బేరం పెడతారు. ఇవి ఆ వయసు ఆలోచనలు. పది నిమిషాల్లో విని ఊరుకున్నా, తర్వాత వేరే వేళలో మెల్లగా దిద్దాలి: "నీ కోపంవల్ల వాడు పడలేదు. కాలు జారింది."

ప్రార్థన సరిగ్గా రాలేదని మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టడం, ఒక మాట తప్పితే ఇంట్లోవాళ్ళకు ఏదో అవుతుందని వణకడం, నిద్ర పోకపోవడం కొన్ని వారాలు సాగితే దాన్ని గొప్ప భక్తి అనుకోవద్దు. పిల్లల వైద్యుడికి చూపించండి, అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి పంపుతారు. ప్రార్థన, వైద్యం రెండూ కలిసి నడవవచ్చు.

"నాకు యేసయ్య కనిపించాడు" అంటే కొట్టిపారేయవద్దు, ఊరంతా చెప్పవద్దు. "ఏం చూశావో చెప్పు" అని ఒక్కసారి అడిగి, విని, రాసి పెట్టుకోండి. "తెల్ల బట్టలు వేసుకున్నాడా? చేతులకు గాయాలున్నాయా?" అని అందిస్తే, చూసినదానికి మన ఊహలు కలుస్తాయి. ఆ తర్వాత బిడ్డ ఎత్తితే తప్ప మీరు ఎత్తవద్దు. బాప్తిస్మం, నిర్ధారణ (కన్ఫర్మేషన్), అందరి ముందు సాక్ష్యం చెప్పడం వంటివాటి వయసు ఒక్కో సంఘంలో ఒక్కోలా ఉంటుంది. మీ సంఘ క్రమాన్ని పాటించండి, అంతేగానీ బిడ్డ చురుకుగా ప్రార్థిస్తోందని తొందరపెట్టవద్దు.

పిల్లల నమ్మకం తేలిగ్గా దుర్వినియోగమవుతుంది. ఈ సంగతి మొహమాటపడకుండా ఇంట్లో చెప్పాలి: "ఎవరైనా, మందిరంలో పెద్దవాళ్ళైనా, దేవుని సేవకులైనా, అమ్మానాన్నలకు చెప్పొద్దు అని ఏదైనా అంటే వెంటనే మాకు చెప్పు. నిన్ను కోప్పడం." నెలకొకసారి గుర్తుచేయండి. చెబితే నమ్మండి, సంఘం పరువు గురించి ఆలోచించకుండా పోలీసుల దగ్గరికో, పిల్లల రక్షణ కోసం ఉన్న అధికారుల దగ్గరికో వెళ్ళండి. ఈ చిన్నవాళ్ళలో ఒకరిని అభ్యంతరపరచేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో ముంచడం మేలన్న మాట, బిడ్డను మధ్యలో నిలబెట్టిన ఆ సందర్భంలోనే ఉంది.

ఇంట్లో ఇద్దరూ కలిసి రాకపోతే

ఒకరికి ఇది ఇష్టం లేకపోతే ఒకరే చేయవచ్చు. పౌలుతో కలిసి సేవ చేసిన తిమోతి తల్లి యూదురాలైన విశ్వాసి, తండ్రి గ్రీసుదేశస్థుడు. విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉన్నదని పౌలు గుర్తుచేసుకున్నాడు. రెండో వ్యక్తిని బిడ్డ ముందు తక్కువ చేయకండి, "నాన్న కోసం ప్రార్థించు, నాన్న ప్రభువును నమ్ముకోలేదు" అని బిడ్డ మీద బరువు పెట్టకండి. ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే వినే పని వాళ్ళకు ఇంకా బాగా వస్తుంది, పది నిమిషాలు వాళ్ళకు అప్పగించినా మంచిదే. రాసే పద్ధతి మాత్రం చెప్పండి.

మొదటి నెలలో ఎక్కువమంది రెండో వారంలోనే ఆగిపోతారు. బిడ్డ కొత్తగా ఏమీ అనకపోవడం దానికి కారణం. అలాంటి వారం "ఏమీ లేదు" అని తేదీ వేసి రాయండి. ప్రశ్న మానేసి పక్కన ఊరికే ఉండండి. ఇల్లు మారినప్పుడు, కొత్త బిడ్డ పుట్టినప్పుడు, పరీక్షల రోజుల్లో వారానికి రెండుసార్లకు తగ్గించుకున్నా నష్టం లేదు.

పదేళ్ళు దగ్గరపడ్డాక

తొమ్మిది పదేళ్ళ మధ్య చాలామంది పిల్లలు పైకి ప్రార్థించడం తగ్గిస్తారు. "మనసులో చేసుకుంటాను" అంటారు. చల్లబడిపోయారని భయపడి పైకి చేయమని ఒత్తిడి చేయకండి. సొంత గది, సొంత ఆలోచన కావలసిన వయసు అది. "సరే" అని, అయిదు నిమిషాలు ఇద్దరూ మౌనంగా కూర్చోండి. మీరు మాత్రం మీ నాలుగు మాటల ప్రార్థన పైకే, బిడ్డ వినేలా కొనసాగించండి. "నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చేయి" అని మార్కు 9లో ఒక తండ్రి తన బిడ్డ కోసం వచ్చి, అందరి ముందూ అరిచి చెప్పాడు. అలాంటి మాట మీ నోట వినడం ఈ వయసు పిల్లలకు అవసరం.

ముందు పేజీల్లో రాసినవి ఆ బిడ్డవి. పన్నెండు పదమూడేళ్ళు వచ్చాక పుస్తకం ఉందని చెప్పి, చదువుతావా అని అడగండి. చదువుతానంటే ఒంటరిగా చదువుకోనివ్వండి, పక్కన కూర్చుని వివరించవద్దు. కొన్ని పేజీలు సిగ్గుగా ఉన్నాయి, చించేస్తానంటే చించనివ్వండి. వెనక పేజీల్లో మీరు రాసుకున్నవి అవే కాగితాల మీద ఉండకుండా మధ్యలో కొన్ని తెల్ల కాగితాలు మొదటి నుంచీ వదిలి ఉంచుకోండి. మీ పేజీల్లో ఇతరుల పేర్లు, మీ ఇద్దరి మధ్య గొడవలు ఉంటాయి కాబట్టి, పుస్తకం చేతికిచ్చే ముందు వాటిని కత్తిరించి వేరుగా దాచుకోండి.